జపాన్ పుస్తకాలకు నేను చేయించిన వైద్యం

ఒక సంచెడు పుస్తకాలను నిష్కారణంగా నరికించిన పాపం నాది. కత్తి నేను పట్టలేదు. పక్కన నిలబడి, "ఇంకాస్త లోపలికి కొయ్యి భయ్యా" అన్నానంతే. కూర్చోండి, చెబుతాను. వినే మనిషి దొరకడం నాకు అపురూపం.

కొన్నేళ్ల కిందటి మాట, అంటే నేనింకా అరవైల్లో ఉన్న కుర్రతనం. ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటులో నోరున్నవి రెండే: నేను, ప్రెషర్ కుక్కరు. మా ఆవిడ పోయాక మధ్యాహ్నాలు రబ్బరులా సాగుతుంటే, ఫుట్‌పాత్ మీద కొన్న పాఠ్యపుస్తకం పెట్టుకుని జపనీస్ నేర్చుకున్నాను. "ఈ వయసులో ఎందుకంకుల్?" అని లిఫ్టులో ఒక కుర్రాడు నవ్వాడు. ఎందుకా? రేడియోలు విప్పి బాగుచేయడం నాకెవడు నేర్పాడు? అదీ సొంతంగానే! ఆ నవ్వు ఇంకా మర్చిపోలేదు.

ఆ భాషే పార్కులో నాకు మోరీ గారిని సంపాదించి పెట్టింది. కూతురి ఉద్యోగం కోసం వెంట వచ్చిన పెద్దాయన. నా జపనీస్ సగం, ఆయన హిందీ పావు, మిగతాది చేతులు. రోజూ సాయంత్రం అదే బెంచీ. ఒకనాడు ఆయన (వాళ్ల ‘సాన్’ అంటే మన ‘గారు’ లెండి) అన్నారు:

"రావు సాన్, నేను వెళ్లిపోతాను. తెచ్చుకున్న పుస్తకాలు అయిపోయాయి. తెప్పించుకుందామంటే పుస్తకం కన్నా పార్శిల్ ఖరీదు. పగలంతా గోడలు చదవలేను."

నా గుండె కుక్కరులా ఈల వేసింది. "ఒక్క వారం ఆగండి! ఢిల్లీలో దొరకని పుస్తకం ఉందా?"

గుర్గావ్‌లో జపాన్ కుటుంబాలు వెళ్తూ వెళ్తూ వదిలేసినవి కబాడీ దుకాణంలో, అంటే పాతసామాన్ల కొట్లో, తేలతాయని విన్నాను. తేలాయి. అన్నీ డిటెక్టివ్ నవలలు. తిరగేసి చూద్దును కదా, మన పుస్తకాలకు వెనకట్ట ఉండేచోట ముందట్ట!

"ఏమయ్యా, అంతా ఉల్టా బైండింగు. సగం ధరే ఇస్తా."

"రద్దీ కాగితాల తూకానికిస్తున్నా అంకుల్, అందులో కూడా సగమా?"

"లోపమున్న సరుకు!"

వాడు దణ్ణం పెట్టి ఇచ్చేశాడు.

నా పాఠ్యపుస్తకం ఇక్కడ అచ్చయింది, మన పుస్తకంలాగే తెరుచుకునేది. జపాన్ నవలలు కుడివైపు నుంచి తెరుచుకుంటాయని అందులో ఏ పాఠమూ చెప్పలేదు. ఆ రచయిత మీద నా కోపం ఇప్పటికీ అలాగే ఉంది.

లోపమున్న బహుమతి ఇస్తామా? తిన్నగా బైండరు దగ్గరికి పోయాను.

"చూశావా, జపాన్‌వాళ్లు కూడా తప్పులు చేస్తారు!"

"నిద్రలో కుట్టుంటారంకుల్‌జీ! అటు కోసేసి ఇటు కుడతా. ఫస్ట్ క్లాస్!"

ఎర్రట్టలు వేసిన పుస్తకాలను మోరీ గారు రెండు చేతులా అందుకుని, వంగి, తెరిచారు. మూశారు. తిప్పారు. మనవడు పుట్టగానే వేళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకునే తాతలా పేజీలు తడిమారు.

"రావు సాన్, వీటికి ఏదైనా ప్రమాదం జరిగిందా?"

"ప్రమాదమేమిటి? బాగుచేయించాను!"

ఆయన నెమ్మదిగా తమ పద్ధతి వివరించారు. తిట్టినా బాగుండేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. అక్కడ కనీసం కొండనాలుకకు జబ్బుంది!

తర్వాత కొన్నాళ్లు ఆయన పార్కుకు రాలేదు. బెంచీ సగం ఖాళీ. ఇంక విమానమెక్కేశారనే అనుకున్నాను. అంతలో ఒక సాయంత్రం ఎర్రట్ట పుస్తకంతో వచ్చి కూర్చున్నారు.

"ఎడమ పేజీ చదివి కుడి పేజీకి దూకుతూ చివరిదాకా వచ్చాను. అంచున హంతకుడి పేరున్న నిలువు వరుస లేదు."

"ఏమైంది?"

"మీ బైండరు కోసేశాడు."

నేను తల దించుకున్నాను. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు!

"అయితే చంపింది ఎవరంటారు?" అన్నాను.

"డాక్టరు."

"కాదండీ, వంటమనిషి!"

ఆ చలికాలమంతా మఫ్లర్లు చుట్టుకుని ఆ హత్య మీదే వాదించుకున్నాం. ఎండలు ముదిరేసరికి కూతురికి బదిలీ అయింది, ఆయన వెళ్లిపోయారు. పార్కులో బెంచీ ఉంది. నేనిప్పుడు మధ్యలో కూర్చుంటున్నాను.

ఆదివారాలు ఫోన్ చేస్తారు. మొన్న ఉండబట్టలేక అడిగాను: "అక్కడ కొయ్యని పుస్తకం దొరికిందా?"

"ఎప్పుడో కొన్నాను."

"ఎవరు మరి? వంటమనిషేనా?"

"ఇంకా తెరవలేదు రావు సాన్. తెరిస్తే వచ్చే ఆదివారం మనం ఏం మాట్లాడుకుంటాం?"

వంటింట్లో కుక్కరు ఈల వేస్తూనే ఉంది. నేను ఫోన్ వదిలి లేవలేదు.

కాబట్టి ఆ కుక్కరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పుస్తకమూ, అది ఏ వైపు నుంచి తెరుచుకున్నా సరే, బాగుచేయించను. ముఖ్యంగా చివరి పేజీ జోలికి పోను.