ఉగ్గుగిన్నెతో కాకినాడకు

వీరవేణి కుడికంటి రెప్ప ఎత్తగానే నల్లగుడ్డు మీద నూకగింజంత తెల్లమచ్చ కనబడింది. తొంభైల చివర, ఎదుర్లంకకు దగ్గరలోని ఒక ఊళ్ళో ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో మెడికల్ ఆఫీసరుగా చేరిన మొదటి ఏడాది అది. పిల్లల కోసం తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. వాళ్ళు పడుకున్నాక ఏదైనా రాద్దామని కూర్చుంటే ముందు గుర్తొచ్చేది ఆ కార్తీకమాసమే.

సార్వా కోతలు అయి నూర్పులు సాగుతున్నాయి. ఊరంతా కళ్ళకలక. మా శాస్త్రంలో దాన్ని అభిష్యందం అంటారు. కళ్ళు పుసికట్టి అంటుకుపోయే మొదటి రోజుల్లో కాటుకలేవీ పెట్టం. తేలికపాటి తిండి చెప్పి, త్రిఫల కషాయాన్ని గుడ్డ మడతల్లో వడకట్టి కళ్ళు కడిగిస్తాం. చాలామందికి అంతటితో తగ్గిపోయేది. అయినా వచ్చినవాళ్ళలో సగంమందికి కషాయం మీద మనసు ఉండేది కాదు. కళ్ళకలకకు చనుబాలు పిండడం మా వైపు పాత అలవాటు. నాకేమో ఏడు నెలల పాప. డాక్టరమ్మ పాలైతే ఇంకా బాగా పనిచేస్తాయని ఎవరు పుట్టించారో గాని, చిన్నచిన్న గిన్నెలతో వచ్చేవారు. లేవని చెప్పి పంపించేసరికి సగం పూట గడిచేది.

వీరవేణిని తీసుకొచ్చింది ఆమె అత్త మంగమ్మ. చేతిలో వెండి ఉగ్గుగిన్నె.

"ఇంటిల్లిపాదికీ మీ కషాయంతో తగ్గిపోయిందండి. దీనికే మొండికేసింది. రెండు చుక్కలు మీ పాలు వేసెయ్యండి, ఆయ్."

ఎర్రబడింది ఆ ఒక్క కన్నే. పుసి లేదు. నీరు ధారగా కారుతోంది, వెలుతురు చూడలేకపోతోంది. అడిగితే, కళ్ళంలో తూర్పారబడుతుంటే పొల్లు వచ్చి కొట్టిందని చెప్పింది. ఇది కలక కాదు, నల్లగుడ్డు మీద పుండు. సవ్రణ శుక్లం పేరుతో మేం చదువుకున్నదే. ముదిరితే చూపు పోతుంది. నేను నమ్మి ఇవ్వగల మందు మా అలమారలో లేదు. ఇవాళే కాకినాడ కంటి ఆస్పత్రికి వెళ్ళాలన్నాను.

"ధాన్యం కళ్ళంలో ఉందండి, పైన మబ్బేస్తోంది. అయినా మీ శాస్త్రంలో చనుబాలు లేవంటారా?" అంది మంగమ్మ.

ఉన్నాయి. అదే నా ఇబ్బంది. పుండు మీద వద్దని ఎంత చెప్పినా ఆమె వినలేదు. నేను కాదంటే ఇంకో ఇంట్లో పిండించుకుంటుందని తెలుస్తూనే ఉంది. చివరికి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి నాలుగు చుక్కలు పట్టి తెచ్చాను. "కాకినాడ డాక్టరుగారు సరేనంటేనే వెయ్యాలి. అంతవరకూ ఒక్క చుక్క పడకూడదు" అన్నాను. నన్ను ఓడించినట్టు నవ్వి బయల్దేరింది. సెలవు పెట్టి, పాపను ఎత్తుకుని నేనూ వెంట వెళ్ళాను.

పంటు మీద గోదావరి దాటి యానాంలో బస్సెక్కాం. మంగమ్మ గిన్నె మీద తమలపాకు కప్పి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కుదిపినప్పుడల్లా డ్రైవరుకు వినబడేలా, "నెమ్మదయ్యా, డాక్టరమ్మగారి పాలు" అనేది. బస్సంతా నావైపు తిరిగేది.

ఆస్పత్రిలో డాక్టరుగారు కంట్లో రంగుమందు వేసి, నీలిదీపం వెలుగులో మంగమ్మకే చూపించారు. పుండు ఆకుపచ్చగా మెరిసింది. ఆమె చాలాసేపు చూసింది.

"మరి ఈ పాలండి?"

"వాటి సొంతదారు ఏడుస్తోంది కదమ్మా" అన్నారాయన మా పాపను చూపించి. అంత నొప్పిలోనూ వీరవేణి నవ్వింది.

తిరుగు పంటులో యానాం బ్రాందీషాపుల నుంచి తూలుతూ వస్తున్న నలుగురి ఎర్రకళ్ళు చూసి, "వీళ్ళకేం కషాయం ఇస్తారండి?" అంది మంగమ్మ.

"పుచ్చుకునే వస్తున్నారు కదత్తా" అంది కోడలు.

ఆస్పత్రివారి చుక్కలమందుతో పుండు మానింది. సన్నటి పొరలాంటి మచ్చ మిగిలింది గాని చూపు నిలిచింది. నెల తర్వాత ఒక సాయంత్రం వీరవేణి వచ్చి, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని పాపను ఎగాదిగా చూసింది. "కింద చిగుళ్ళలో పన్నొస్తోందండి" అంది. అప్పటిదాకా నేనే గమనించలేదు.

ఇంట్లో అందరికీ కళ్ళు ఎర్రబడినా ఏ కన్నుకా కన్ను విడిగా చూడాలని, మన వైద్యం ఎక్కడ ఆగుతుందో మనకే ముందు తెలియాలని ఆ ఏడాది నేర్చుకున్నాను. వీరవేణి వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే మా ఐదేళ్ళ కొడుకునీ, అర్థం కాకపోయినా పాపనీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను: "కంట్లో ఏదైనా పడితే నలపకండి. ఎవరేం వేస్తామన్నా వేయించుకోకండి. వెంటనే నాతో చెప్పండి. నాకు తెలియకపోతే, తెలిసినవాళ్ళ దగ్గరకు నేనే తీసుకెళ్తాను."