పదిహేడో నంబరు తోడు

ఆండాలు ఫెలోషిప్ పరీక్ష మూడోసారికి పాసైంది. మొదటిసారి నాలుగు మార్కులకు పోయింది, రెండోసారి రెండు మార్కులకు. 2000 డిసెంబరులో ఫలితాల కాగితంలో తన నంబరు తనే చూసుకుని నమ్మలేదు. నాకు చూపించి, నేను వేలు పెట్టి పైకి చదివాక నమ్మింది. లాల్‌దర్వాజాలో పాలమ్ముకునే మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. మా తమ్ముడు బీరయ్య కూతురు. పదో తరగతిలో 521 మార్కులు, ఎమ్మెస్సీలో యూనివర్సిటీకి రెండో ర్యాంకు. నేను మా ఊరి బడిలో ఐదు దాకా చదివినవాణ్ణి. అయినా ఈ సంగతులు ఎవరడిగినా తడుముకోకుండా చెప్తాను.

డాక్టరేటుకు ఆమె తీసుకున్నది పెరుగు. విని మా తమ్ముడు నవ్వాడు.

“పెరుగు తోడెయ్యనీకి అయిదేండ్లా బిడ్డా? మీ నాయనమ్మ అయిదు నిమిషాల్ల ఏస్తుండె.”

“నాయనమ్మకు ఫెలోషిప్ ఇయ్యలె కద బాపూ.”

ఒక్కో ఇంటి తోడులో ఒక్కో రకం సూక్ష్మజీవులుంటాయట. ఎండాకాలంలోనూ పెరుగును తొందరగా పులవనియ్యని రకాన్ని పట్టుకోవడం ఆమె పని. అందుకు లాల్‌దర్వాజా నుంచి దబీర్‌పురా దాకా ఇల్లిల్లూ తిరిగి తోడు అడగాలి. ల్యాబు నుంచి వచ్చేసరికి దీపాల వేళ దాటిపోయేది. దీపం పెట్టాక మా దిక్కు ఎవరూ తోడు బయటికివ్వరు. సైన్సు కోసమన్నా ఇవ్వరు. ఇక మిగిలింది ఆదివారం పొద్దున.

ఆమెకున్న తీరిక కూడా ఆ ఆదివారమే. పైవాటాలో అద్దెకుండే రాజమండ్రి వాళ్లమ్మాయి బిందుమాధవితో క్యారమ్స్ ఆడేది. “ఒక్క బోర్డు ఆడి వెళ్లవే తల్లీ!” అని ఆ పిల్ల మెట్ల మీది నుంచి పిలిచేది. “వచ్చే వారం పక్కా,” అంటూ ఈమె సీసాల సంచీతో వెళ్లిపోయేది. రెండేళ్లూ అట్లా వచ్చే వారాలే గడిచాయి. 2003లో బిందుమాధవి నాన్నకు బదిలీ అయింది. వాళ్ల సామాను లారీకెక్కుతున్నప్పుడు ఆండాలు ల్యాబులో ఉంది. తర్వాతి ఆదివారం పైకి వెళ్లి, తాళం చూసి, మెట్ల మీద కాసేపు కూర్చుని దిగివచ్చింది.

ఇంట్లో పదకొండు మందిమి. ఆమెతో ఆమె చదువు గురించి మాట్లాడగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అన్నం దగ్గర నేను “ఎంతదాక వచ్చింది బిడ్డా?” అనేవాణ్ణి. “నడుస్తున్నది పెద్దబాపూ,” అనేది. తర్వాత ఇద్దరం తలొంచుకుని తినేవాళ్లం.

నలభై రెండు ఇళ్ల తోడులో పనికొచ్చింది ఒక్కటే, పదిహేడో నంబరు. దబీర్‌పురా నాగమణమ్మ ఇంటిది. దాంతో తోడేసిన పెరుగు నడి ఎండల్లోనూ మూడు రోజులు పులవలేదు. ఆ సంగతి మీద ఆమె రాసిన వ్యాసం 2004లో సైన్సు పత్రికలో అచ్చయింది. ఒక ప్రతి నా పెట్టెలో ఉంది.

ఈ మే మొదట్లో వరుసగా సెలవులొచ్చాయి. ల్యాబులో డీప్‌ఫ్రీజర్ ఆగిపోయి, నాలుగు రోజులు ఎవరూ చూడలేదు. పదిహేడో నంబరు చచ్చిపోయింది. ఫెలోషిప్ గడువు ఇంకా ఏడు నెలలే. అది దొరక్కపోతే డాక్టరేటు లేనట్టే.

ఇద్దరం నాగమణమ్మ ఇంటికి పోయాం.

“గా తోడు ఏడుంటది బిడ్డా? మా ఆయన పోయినప్పుడు మైలపడ్డదని పాలు, పెరుగు మొత్తం పారవోసిన. పదకొండో దినం అయినంక పక్కింట్ల తెచ్చి ఏసిన.”

ఆండాలు గడప మీదే కూలబడింది. చావు జరిగిన ఇంట్లో తోడు మారుస్తారని ఆమె పుస్తకాల్లో లేదు. పాలవాళ్లింట్లో పుట్టీ ఆమెకు తట్టలేదు. నాకు మాత్రం ఇంకో మాట తట్టింది.

“అక్కా, నీ బిడ్డను అత్తగారింటికి తోలినప్పుడు తోడు ఇయ్యలేదా?”

“ఇయ్యకేం? భూలక్ష్మికి గిన్నెల ఏసి ఇచ్చిన. నిజామాబాద్ల ఇప్పటికీ గదే నడుస్తున్నది.”

ఆండాలు గబుక్కున లేచింది. “వాళ్లింట్ల ఎవరన్నా పోయిన్రా అమ్మా?”

“నోర్ముయ్యే! నా బిడ్డ అత్తగారింటికి శాపం పెడ్తవా?”

నాలుగేళ్లలో ఆమె ఊరు దాటింది ఇదే మొదలు. మొన్న ఆదివారం కాచిగూడలో రైలెక్కించాను. నిజామాబాద్‌లో భూలక్ష్మి ఇంట్లోనే ఉండి, ఆ తోడు పాలల్లో వేసి మూడు రోజులు చూడాలి. పులవకుంటే అదే పదిహేడు. చూడటం తప్ప వేరే పనేమీ లేదు. ఇక్కడ అన్నం దగ్గర అడగడానికి నాకు ఆ ఒక్క మాటా లేకుండా పోయింది.

నిన్న ఫోను చేసింది.

“పెద్దబాపూ, పులవలె! అదే ఇది!”

“ఇంకేంది మరి? రేపు రా బిడ్డా.”

అటుపక్క ఎవరో ఆడమనిషి అరిచింది: “గవ్వలెయ్యవే ఆండాలూ! ఓడిపోతనని ఫోన్ల దాక్కుంటవా?” ఆండాలు నవ్వింది. పైవాటా ఖాళీ అయ్యాక ఆ నవ్వు నేను వినలేదు.

“భూలక్ష్మక్క పచ్చీసు నేర్పింది. రెండు దినాల సంది ఓడుతనే ఉన్న. తోడు రోజూ కొత్త పాలల్ల ఏస్త, ఏం గాదు. ఇంకో మూడు దినాలుండనా?”

“ఉండు బిడ్డా. ఫికర్ చెయ్యకు.”

గురువారం రావలసిన పిల్ల. ఇప్పుడు వచ్చేది ఆదివారం, 2005 మే 29.