కొంగున కట్టిన నాచు గోలీలు

మా వీధి నర్సు ఆపా పోయింది. శుక్రవారం పొద్దున మసీదు మైకులో ఆమె అసలు పేరు చెబితే ఎవరో అనుకున్నాం. నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖానలో పనిచేసి రిటైరై ఎన్నేళ్లయినా మాకామె నర్సు ఆపానే, వీధి మొత్తానికీ అక్కే.

ఆమెకు నోరెక్కువని అనేవారు. ఎక్కువే. ఆ నోరు లేకపోతే ఈ రోజు మా అమ్మ ఉండేది కాదు.

బీపీ చూపించుకోవడానికి ఆమె ఇంటికి ఎవరు వెళ్లినా ఆపాది ఒకటే మాట: "నోటితోని చెప్పకు. మందుల సంచి చాప మీద కుమ్మరియ్." రెండేళ్ల కిందట అమ్మకు గుండె దడ, చేతుల వణుకు మొదలైతే నేనూ తీసుకెళ్లాను. అమ్మ సంచి కుమ్మరించింది. థైరాయిడ్ గోలీలు, బీపీ గోలీలు, అంతే.

"కొంగుల ఏంది చెల్లె?"

అమ్మ కొంగు ముడిని పిడికిట్లో దాచుకుంది. అందులో ఉన్నవి అమ్మ తమ్ముడు, మా మామ అమ్మే సముద్రపు నాచు గోలీలు. థైరాయిడ్ పోతుందని మామ చెబితే మూడు నెలలుగా మింగుతోందట. ఆకుమందు పేరు బయటికి చెబితే పనిచేయదని మా దిక్కు నమ్మకం. అందుకే డాక్టరుకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

నేను పరుగున వెళ్లి డబ్బా తెచ్చాను. ఆపా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మండిపడింది.

"చెప్తే పనిచెయ్యదా? చెప్పకుంటే పానం తీస్తది! సముద్రపు నాచుల అయోడిన్ ఉంటది. థైరాయిడ్ ఉన్నోళ్లకు అది ఎక్కువైతే గిట్లనే దడ పుడ్తది. ఎంతుందో ఈ డబ్బా మీద రాయనే లేదు. నడువు, డాక్టర్‌కు సూపెడ్దాం."

డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఆ గోలీలు మాన్పించాడు. దడ తగ్గడానికి వారాలు పట్టింది.

బేరం చెడిందని మామ ఆపా గుమ్మం ముందు గొడవకు దిగాడు. "ఆకుమందుతోని ఎవరన్న సచ్చిండ్రా?"

ఆపా కుర్చీలోంచి లేవను కూడా లేదు. "నాచును నేనేం తిట్టలే భయ్యా. తినేటోళ్లు తింటరు. దాంట్ల ఏమెంత ఉందో, ఎవరు తినొద్దో రాసుకొని రా. నేనే అమ్మిపెడ్త."

మామ ఇప్పటికీ రాసుకొని రాలేదు. శుక్రవారం మాత్రం ఆపా ఇంటి ముందు నా చెవిలో గొణిగాడు: "అందరికీ చెప్పింది. ఆఖరికి ఆమె ఉన్నదా?"

నాకు ఒళ్లు మండింది. నలుగురికీ వినబడేలా అన్నాను: "లేదు మామా. మా అమ్మ ఉన్నది. నీ అక్క!"

లోపల అమ్మ, ఆపా మందులు చూసే చాప పక్కన కూర్చుని ఉంది. వచ్చేటప్పుడు మందుల సంచి కూడా తెచ్చుకుంది. ఎవరూ అడక్కుండానే దాన్ని చాప మీద కుమ్మరించింది. తర్వాత కొంగు విప్పి దులిపింది. ఏమీ రాలలేదు.