మగ్గం గుంతలో బూజు

బదిలీ మీద ధర్మవరం వచ్చి కొన్ని నెలలైంది. ఒక్కడినే కదా, ఒక గది చాలనుకున్నాను. వానలు పట్టినప్పటి నుంచి ఆ గదంతా ముక్కవాసన. ఈ రోజు ఆదివారం కాబట్టి పట్టుబట్టి వెతికితే మంచం కింద చెక్కలు, వాటి కింద మోకాటి లోతు గుంత, దాని చుట్టూ తెల్లటి బూజు!

పక్క వాటాలో ఉండే ఇంటావిడ నాగమ్మక్కను పిలిచి, "మట్టి పోసి పూడ్చేయకూడదా?" అని కాస్త విసురుగానే అడిగాను.

"మగ్గం గుంతప్పా అది. మా ఆయప్ప పోయినంక మగ్గం అమ్మేస్తిని. గుంత పూడ్సేకి మాత్రం మనసు రాలే."

ఇద్దరం బూజు గీకి, సున్నం చల్లి, వేపాకు పొగ పెట్టాం. పనయ్యాక ఆమె గుంతలోకి కాళ్లు వేలాడేసి ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. పట్టుచీర నేసేటప్పుడు ఇద్దరు కూర్చునేవారట. రెండో పక్క ఆమె భర్తది.

"ఎంతసేపు నిలబడుకోనుంటావు? కూచో అప్పా."

కూర్చున్నాను. పొద్దు వాలేదాకా ఏవేవో చెప్పింది. ఈ ఊరొచ్చాక నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

లేస్తూ, "వాసన ఇంకా ఉండాదా? ఉంటే రేపు మళ్లా పొగ పెడదాము," అంది.

"ఉందక్కా," అన్నాను. నిజానికి వేపాకు పొగ తప్ప ఏ వాసనా లేదు.

నెట్ సెంటర్లో కూర్చుని ఇది నా బ్లాగులో రాస్తున్నాను. బూజు పోగొట్టే చిట్కాలు అందరికీ తెలుసు. అది ఇంకొన్నాళ్లు నిలిచే చిట్కా మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.