విజిల్ తర్వాత మర్యాద

ఆ రోజుల్లో, వేగంగా పరిగెత్తగలిగేవాడికి ప్రపంచం దారి ఇచ్చి తీరుతుందని నేను నమ్మేవాణ్ని. అమెరికాలోని ట్రాయ్‌లో హైస్కూల్ చదువుతూ వసంతంలో ట్రాక్ మీద వంద మీటర్లు పరిగెత్తేవాణ్ని, ఆకురాలు కాలంలో ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్‌గా ఆడేవాణ్ని. (ఇక్కడి ఫుట్‌బాల్ చేతులతో ఆడతారు. దూరం నుంచి విసిరిన బంతిని పట్టుకుని, మీదపడేవాళ్లకు దొరక్కుండా పారిపోవడం రిసీవర్ పని. పారిపోవడం నాకు బాగా వచ్చు.) కాలేజీ ట్రాక్ జట్టు నన్ను రమ్మంది. నాకు ఫుట్‌బాలే కావాలి. ఆ జట్టు నన్ను పిలవలేదు కాబట్టి, పిలవనివాళ్ల కోసం పెట్టే ఎంపికలో నెగ్గాలి.

నాన్న కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజినీరు. అనుమానించడం ఆయనకు వృత్తిధర్మం. నా భుజాల వంక, టీవీలో కనబడే భుజాల వంక మార్చి మార్చి చూసి, "ఒక్కసారి ట్రై చెయ్. సెలెక్ట్ అవకపోతే ట్రాక్‌లో జాయినవ్వు. మళ్లీ ఈ టాపిక్ ఇంట్లో ఎత్తకూడదు" అన్నారు. ఒప్పుకున్నాను. ఆ వేసవంతా అమ్మ నా బరువు పెంచడానికి ముద్దపప్పు అన్నంలో నెయ్యి పోస్తూనే ఉంది. నెయ్యి పొట్టదాకా వచ్చి ఆగిపోయింది, భుజాలకు చేరలేదు.

ఎంపిక రోజు ముసురు. నాన్న లీవ్ పెట్టి, కంచె అవతల గొడుగు వేసుకుని నిలబడ్డారు. నన్ను అడ్డుకోవాల్సినవాణ్ని అందరూ 'ఫ్రిజ్' అంటున్నారు. ఎందుకో అడగనక్కర్లేకపోయింది. బంతి వచ్చింది, పట్టుకున్నాను. ఫ్రిజ్ తడిగడ్డిలో జారి పడ్డాడు. వాడి మీదుగా దూకుతుంటే నా బూటు వాడి భుజానికి తగిలింది.

ముందంతా ఖాళీ. ఇంకెవరైనా పరిగెత్తేవారు. నేను ఆగి, వంగి, వాడి భుజం తాకి, హెల్మెట్ ఊచల మధ్య నుంచి వేళ్లు దూర్చి కళ్లకద్దుకున్నాను. (పుస్తకానికో మనిషికో కాలు తగిలితే అలా చేయాలని మా ఇంట్లో ఎంత గట్టిగా నేర్పారంటే, అది ఆలోచన దాకా వెళ్లదు, చెయ్యే చేసేస్తుంది.) వేళ్లు కళ్ల మీద ఉండగానే ఎవడో వెనకనుంచి వచ్చి నా చంకలోని బంతి లాక్కుపోయాడు. ఫ్రిజ్ పడుకునే అడిగాడు: "నాకోసం ప్రార్థన చేశావా? నేనింకా పోలేదే."

కోచ్‌కి సంజాయిషీ చెప్పాను. ఆయన ఓపికగా విని, మర్యాదలన్నీ విజిల్ తర్వాత పెట్టుకోమని చెప్పి, తర్వాతివాణ్ని పిలిచారు. నా వంతు అయిపోయింది.

నేను వెళ్లి లైను చివర నిలబడ్డాను. ఎవరూ నిలబడమనలేదు. ముందుకొచ్చాక ఆయన పక్కకి పొమ్మని చెయ్యి ఊపారు. మళ్లీ వెళ్లి చివర నిలబడ్డాను. కంచె అవతల నాన్న గొడుగు మడిచేసి అక్కడే నిలబడ్డారు (వాన తగ్గలేదు). చివరికి లైనులో నేనొక్కణ్నే మిగిలాను. కోచ్ నిట్టూర్చి, బంతి వేయమన్నారు.

ఈసారి మలుపు తిరుగుతూ ఫ్రిజ్ పాదం తొక్కాను. చెయ్యి కిందికి దిగబోయింది. బంతిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని, వాడి అరుపు వినపడుతున్నా తిరిగి చూడకుండా గీత దాటాను. విజిల్ పడింది. అప్పుడు మైదానమంతా వెనక్కి నడిచి వచ్చి, వాడి భుజం తాకి కళ్లకద్దుకున్నాను. కోచ్ మొహం అటు తిప్పుకున్నారు గానీ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి, పొద్దున ఆరింటికి రమ్మన్నారు.

కార్లో నాన్న గొడుగు వెనక సీట్లో పడేసి వైపర్లు వేశారు. తర్వాత, "ఆ పిల్లాడి కాలు ఎలా ఉంది?" అన్నారు.

"నాన్నా, నేను సెలెక్ట్ అయ్యాను."

"అయ్యేదాకా నువ్వక్కణ్నించి కదలవని తెలుసులేరా. వాడి సంగతి అడుగుతున్నా."

కాలేజీలో ఉన్నన్నాళ్లూ నేను అసలు ఆటలో దిగింది చాలా తక్కువ. బెంచీ మీద కూర్చున్నవాణ్ని చూడ్డానికి నాన్న అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చేవారు. ఈ శీతాకాలం ఆయన పోయారు. ఎంపికైన ఆ సాయంత్రం కార్లో ఆయన పక్క సీట్లో, మోకాళ్ల నిండా బురదతో కూర్చున్న కుర్రాడు మాత్రం, మెచ్చుకోవడం కూడా చేతకాని తండ్రి దొరికాడని ఇల్లు చేరేదాకా మొహం ముడుచుకునే ఉన్నాడు. వాణ్ని కోప్పడదామనుకుంటాను. నవ్వొస్తుంది.