మంజులమ్మ కాలికి పట్టని బూటు

తడి ఆరని బూట్లను నలభై మంది కాళ్లకు మార్చి మార్చి తొడిగించారు. ఆ బూట్లలో పుట్టిన రోగం ముదిరి కాలివేళ్లు పోగొట్టుకున్న మనిషిని, బూటు పట్టడం లేదన్న కారణంతోనే పనినుంచి తప్పించారు. జరిగిన అన్యాయం ఇది. దీన్ని అన్యాయమని ఒప్పుకున్న కాగితం మాత్రం ఏ కార్యాలయంలోనూ లేదు.

ఆ మనిషి పేరు మంజులమ్మ. హోసూరు పక్కన తళి ఊరికి పైన మెట్టపల్లెలో రెండెకరాల రాగిచేను గల మునివెంకటప్ప భార్య. చేను ఏడాదికి నాలుగు నెలలే పని చూపుతుంది గనుక, తొమ్మిదేళ్లుగా రోజాలు పెంచే ప్లాస్టిక్ పందిట్లో, పాలీహౌసులో, పువ్వులు కోసేది. బయటి మట్టితో తెగులు వస్తుందని, సొంత చెప్పులతో ఎవరూ లోపలికి రాకూడదని అక్కడి నియమం. గుమ్మం దగ్గర మందునీళ్ల తొట్టి, పక్కన రబ్బరు బూట్లు. నలభై మందికి ఇరవై జతలు. పొద్దుటి జట్టు విడిచినవాటినే మధ్యాహ్నం జట్టు తొడుక్కునేది. పువ్వుల ఆరోగ్యానికి అంత జాగ్రత్త పడినవారు మనుషుల పాదాల గురించి ఆ నియమంలో ఒక్క ముక్క రాయలేదు.

2023 వానాకాలంలో మంజులమ్మ కుడిపాదంలో, వేళ్ల మొదట్లో గరుకుగా ఒక కాయ లేచింది. నడుమ నల్లటి చుక్కలు. ఆనె అనుకుంది. రాళ్లచేలు తొక్కేవాళ్లకు ఆనె పుట్టడం, దాన్ని చెక్కి పారేయడం ఆ మెట్టమీద మామూలే. అన్నం వేళ రోజాకొమ్మలు కోసే కత్తితోనే చెక్కుకుంది. పక్క వరసలో పువ్వులు కోసే చైత్ర చేయి చాచింది.

“నాకూ ఇయ్యక్కా, నా మడమలోనూ ఒకటుండాది.”

“ఉండవే, కడిగిస్తాను.”

“కడిగితే పదునెక్కుతాదా? ఇయ్యి, సూపర్‌వైజరు వచ్చేస్తాడు.”

అది ఆనె కాదు, పులిపిరి. చెక్కినకొద్దీ పాకేది, ఒకరినుంచి ఒకరికి అంటుకునేది. నెల తిరిగేసరికి ఒకటి ఏడయింది.

“ఆనెకు చుక్కలుండవు. మునేశ్వరుడికి ఉప్పు, మిరియాలు పోసిరా. ఉప్పు కరిగినట్టు ఇదీ కరుగుతుంది,” అంది అత్త రంగమ్మ.

“వాన పడే దినం చూసి పోస్తే తొందరగా కరుగుతుందేమో అత్తా.”

“దేవుడితో కూడా ఎకసెక్కమేనా నీకు!”

మూడు మంగళవారాలు పోసింది. ఉప్పు కరిగింది.

మునివెంకటప్ప ఆమెను బస్సెక్కించి హోసూరు దారిలోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాడు. చర్మవైద్యురాలు అక్కడికి బుధవారాలు మాత్రమే వస్తుంది. ఆమె పాదం చూసింది, రక్తం పరీక్ష చేయించింది. చక్కెర ఎక్కువగా ఉంది.

“కత్తి పెట్టొద్దమ్మా. ఇంట్లో ఏ మందూ పూయొద్దు. చక్కెరున్న కాలికి పుండు పడితే మానదు. చల్లటి గ్యాసుతో గడ్డకట్టించి ఈడే రాలుస్తాము, నాలుగైదు తడవలు రావాల. ఇంకొకరి బూట్లు వేసుకోవద్దు.”

“బూట్లు లేకుంటే లోపలికే పోనీయరమ్మా.”

“అట్లయితే నీ జత నీకే ఇమ్మను.”

మంజులమ్మ అడిగింది. సూపర్‌వైజరు ఉదయ్ కుమార్ నవ్వాడు. “పేర్లు రాసి పెట్టుకునేదానికి ఇది ఇస్కూలా అక్కా? నేను పోయి అడిగితే మేనేజరు నన్ను ఇంటికి పంపుతాడు.”

వైద్యురాలు చికిత్స రాసింది. గ్యాసు సిలిండరు ఖాళీ. సెప్టెంబరు 6, 13, 20. మూడు చీటీల మీదా ఒకటే మాట: సిలిండరు లేదు, వచ్చే వారం రావలెను. మూడు గైర్హాజర్లు పడ్డాయి. నాలుగోది పడితే పని ఉండదన్నారు. నాలుగో బుధవారం ఆమె ఆస్పత్రికి పోలేదు. పని దిగి వచ్చి, నల్లజీడి గింజను నిప్పుకు కాల్చి, కారిన, కాయల్ని మాడ్చే నూనెను ఏడింటి మీదా పెట్టుకుంది.

“డాక్టరమ్మ వద్దని చెప్పింది గదా!” అన్నాడు మునివెంకటప్ప.

“రమ్మని కూడా చెప్పింది. పోయినాను. యాడుంది మందు?”



చక్కెర వల్ల పాదం మొద్దుబారింది. ఎంత లోతుకు కాలిందో ఆమెకు తెలియలేదు. ఆ పుండుతోనే, ఆ తడిబూట్లలోనే పదకొండు రోజులు నిలబడి పువ్వులు కోసింది. అక్టోబరులో పుండు కుళ్లి, కృష్ణగిరి పెద్దాస్పత్రిలో, ప్రాణం దక్కించడానికి మూడు వేళ్లు తీసేయవలసి వచ్చింది.

జనవరిలో ఆమె మళ్లీ పాలీహౌసు గుమ్మం ముందు నిలిచింది. బూటు తొడుక్కుంది. అడుగు వేయగానే ఊడింది. గుడ్డ కుక్కి తొడుక్కుంది. నాలుగడుగులకు గుడ్డ ఎర్రబడింది.

“బూటు లేకుండా రాకూడదక్కా. రూల్సు నీకు తెలుసు గదా,” అన్నాడు ఉదయ్ కుమార్.

“తెలుసప్పా. నా వేళ్లు తినిందే ఆ రూల్సు.”

అతను తల దించుకున్నాడు గాని దారి ఇవ్వలేదు.

మధ్యాహ్నం జట్టు మారింది. చైత్ర కుంటుతూ వచ్చి బూట్లు విడిచింది. అవి నేల తాకకముందే ఇంకొకామె అందుకుంది.

“నీ కాయ ఎట్లుంది?”

“మూడయినాయక్కా.”

“కత్తి పెట్టొద్దు, జీడి పెట్టొద్దు. ఆస్పత్రికి పో.”

“సిలిండరు వచ్చిందా?”



ఆ మూడు చీటీలూ మునివెంకటప్ప పెట్టెలో ఉన్నాయి, తేదీలు చెరిగిపోలేదు. పాలీహౌసు యజమానులారా, మనిషికొక జత బూట్లు రేపటి పొద్దుటికల్లా గుమ్మం దగ్గర పెట్టండి. ఆస్పత్రి అధికారులారా, సిలిండరు ఏ బుధవారం నిండుతుందో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, చైత్ర చేతికి ఇవ్వండి.