ఎవరి కాగితం వాళ్ల చేతిలో

కళింగపట్నం దగ్గర రేవులో ఎండుచేపలు కొని నరసన్నపేట సంతలో అమ్మే దాలమ్మకు ఒక అలవాటుంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాత పాస్‌పోర్టు ప్లాస్టిక్ సంచిలో చుట్టి రవికలో పెట్టుకుంటుంది. ఊళ్లో ఆడవాళ్లు చూసి నవ్వుతారు. నవ్వేవాళ్లదేం పోయింది, మస్కట్‌కు ఇంటిపనికి రెండేళ్లకని పోయి ఆరేళ్లు ఉండిపోయింది వాళ్లు కాదుగా.

అక్కడ ఆమె పాస్‌పోర్టును ఎవరూ లాక్కోలేదు. తానే ఇచ్చింది. ఇక్కడ తమ వైపు ఇళ్లలో కోడలు బంగారమైనా కాగితమైనా అత్త చేతికిచ్చి దాచమంటుంది. దాలమ్మ కూడా మొదటిరోజే ఇంటి యజమానురాలికి రెండు చేతులతో అందించి దండం పెట్టింది. ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. కొట్టలేదు, తిట్టలేదు, వేళకు తిండి పెట్టింది. ఇంటికి పోతానంటే మాత్రం, "రంజాన్ అయ్యాక చూద్దాం" అనేది. ఆ చూద్దాంలోనే ఇక్కడ తల్లి చచ్చిపోయింది, కడసారి చూపు దక్కలేదు. దాలమ్మకు ఈనాటికీ కడుపు రగిలేది దానికే.

ఆ ఇంట్లో వంట చేసే ముసలామె పేరు మబ్రూకా. ఆమె తల్లిని ఏడేళ్లప్పుడు ఆఫ్రికా తీరంలో ఎత్తుకొచ్చి, పడవలో తెచ్చి, ఆ ఇంటి పెద్దాయనకు అమ్మారట. బానిసను విడిపిస్తే పుణ్యమని వాళ్ల మతంలో ఉంది కాబట్టి, చనిపోయేముందు ఆయన విడుదల పత్రం రాసిచ్చాడట. అమ్మినవాళ్లూ నమాజు చేసేవాళ్లే, విడిపించినవాడూ నమాజు చేసేవాడే అని మబ్రూకా ఉల్లిపాయలు తరుగుతూ మామూలుగా చెప్పేది. కరువులో తమ వైపు రేవుల్లోనూ పిల్లల్ని తెల్లదొరల ఓడలకు అమ్ముకున్నారని మామ్మ చెప్పిన మాట దాలమ్మకు గుర్తొచ్చింది. ఏ దేవుడికి మొక్కినా కొనేవాడు కొనేవాడే అనుకుంది.

తల్లి పత్రాన్ని మబ్రూకా రేకు డబ్బాలో పెట్టి తలకింద ఉంచుకునేది. దాలమ్మ తల్లి పోయిన కబురొచ్చిన వారానికి, మబ్రూకా ఆ పత్రం తెచ్చి యజమానురాలి ముందు పెట్టింది.

"మీ పెద్దాయన మా అమ్మకు ఇచ్చాడు. ఇప్పుడు నువ్వు ఈమెకు ఇవ్వు" అంది.

 సిగ్గో మరేమో, యజమానురాలు బీరువా తీసింది.

ఇప్పుడు మేనకోడలు దుర్గాభవాని మస్కట్ ప్రయాణం కట్టింది. పాస్‌పోర్టు నరసన్నపేట ఏజెంటు హరిబాబు దగ్గరుంది. దాలమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లి, అతని బల్ల ముందు చేపలగంప దించింది.

"నా దగ్గరుంటే భద్రం కదేటి పిన్నీ. విమానం ఎక్కినరోజు ఇస్తాను."

"భద్రమనే నానూ ఇచ్చినాను నాయినా. ఆరేళ్లు భద్రంగానే ఉన్నాది. ఇలా తే."

గంప వాసనకు గదిలోవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఆమె కదల్లేదు. గంటసేపు చూసి హరిబాబు సొరుగు లాగాడు.

బయటికొచ్చాక దుర్గాభవాని పాస్‌పోర్టును కళ్లకద్దుకుని, రెండు చేతులతో మేనత్తకు అందించింది.

"ఎల్లేదాకా నీ కాడే దాసు అత్తా."

 దాలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకూ ఇవ్వకే తల్లీ" అంది.